పెరట్లో భోగి మంట: నివురు చల్లారేదాకా ఎవరుంటారు?

ప్రశ్న: నమస్కారమండీ. మేము డల్లాస్ శివార్లలో ఉంటున్నాం. ఈ ఇల్లు కొనుక్కుని ఎనిమిది నెలలైంది. పాత యజమానులు పెరట్లో గుండ్రాళ్లు పేర్చి కట్టిన ఫైర్ పిట్ ఒకటి వదిలి వెళ్లారు. దానికి సగం దాకా పైన చెక్క పందిరి ఉంది, ఒక పక్క చెక్క కంచె ఉంది. ఇంతవరకు మేము దాన్ని వెలిగించలేదు. ఈ సంక్రాంతికి మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. భోగి నాడు తెల్లవారుజామున అందులో మంట వేయాలని అత్తగారి కోరిక. పదిహేను కుటుంబాలను పిలిచాం. పిల్లలే పాతికమంది దాకా ఉంటారు. గరాజులో పడి ఉన్న పాత టీ బల్ల, విరిగిన కుర్చీ మంటలో వేద్దామని అత్తగారు అంటున్నారు. కట్టెలు అంటుకోకపోతే గడ్డి కోసే యంత్రానికి తెచ్చిన పెట్రోలు కాస్త చల్లితే చాలని మావారు అంటున్నారు. మా చిన్నబాబుకు ఉబ్బసం ఉంది. నాకు లోపల భయంగానే ఉంది, కానీ వద్దంటే పండుగ పూట పెద్దవాళ్ల మనసు నొప్పించినట్టవుతుంది. ఏం చేయమంటారు? దయచేసి పేరు వేయవద్దు.

సమాధానం:

అమ్మా, మంట వేసుకోండి. అత్తమామలు అంతదూరం నుంచి వచ్చి ఉండగా భోగి మంట లేకుండా తెల్లవారడం నాకూ ఇష్టం లేదు. అయితే మీ ఉత్తరంలో రాసిన పద్ధతిలో వద్దు. ఆ చోట వద్దు, ఆ బల్ల వద్దు, పెట్రోలు అసలే వద్దు.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. మంట ఎక్కడ వేయాలో, అందులో ఏం వేయాలో, ఎలా అంటించాలో మీ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట అన్నారు. దాన్ని ఎలా ఆర్పాలో, ఆరేదాకా దగ్గర ఎవరుంటారో మాత్రం ఎవరూ అనలేదు. భగభగ మండుతున్నప్పుడు అందరి కళ్లూ మంట మీదే ఉంటాయి, పిల్లల్ని పట్టుకునే చేతులు పదుంటాయి. అందరూ ఇడ్లీలు తినడానికి లోపలికి వెళ్లాక పెరట్లో ఏం జరుగుతుందన్నదే నా దిగులు.

ఈ దిగులు నాకు తొమ్మిదో ఏట పట్టుకుంది. తెనాలి పక్కన మా ఊళ్లో వీధి చివర బావి దగ్గర భోగి మంట వేసేవారు. నాలుగు గంటలకు మొదలైన మంట ఎనిమిదింటికల్లా అయిపోయేది. పది గంటలకు మేము తలంట్లు పోసుకుని, కొత్త బట్టలు కట్టుకుని మళ్లీ అక్కడికి చేరేవాళ్లం. ఎందుకంటే కాలిపోయిన పాత తలుపుల మేకులు, బందులు బూడిదలో దొరికేవి. పాత ఇనుముకు జీళ్లు ఇచ్చే బండివాడు పండుగ మర్నాడు వచ్చేవాడు. ఆ ఏడు మా మేనత్త కొడుకు, ఆరేళ్లవాడు, మేకు కనిపించిందని చెప్పులు లేని కాలితో ఆ కుప్పలోకి అడుగు వేశాడు. పొగ లేదు, ఎరుపు లేదు. విభూతిలా తెల్లగా, మెత్తగా ఉంది. చీలమండ దాకా దిగబడింది. వాడి కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఒకరు సిరాబుడ్డి తెచ్చారు. ఒకరు నెయ్యి అన్నారు. మా నాయనమ్మ నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయని గోల పెట్టింది. మా ఊరి కమ్మరి ఆమె మాట వినలేదు. వాణ్ణి బావి గట్టు మీద కూర్చోబెట్టి, చేదతో తోడుతూ ఆ కాలి మీద ధారగా పోస్తూనే ఉన్నాడు. మాకు విసుగు పుట్టేంతసేపు పోశాడు. మచ్చ మిగిలింది కానీ కాలు దక్కింది. నిప్పుతో బతికే మనిషికి తెలిసిన ఆ విద్యనే ఈ రోజు వైద్యులు చెబుతున్నారు: కాలిన చోట పారే చల్లని నీరు, ఇరవై నిమిషాలు. మంచు ముక్కలు కాదు, పసుపు కాదు, టూత్‌పేస్టు కాదు.

నివురు గప్పిన నిప్పు అని మనం మనుషుల కోపాన్ని గురించి అంటాం. ఆ మాట పుట్టింది మాత్రం పొయ్యి దగ్గరే. బూడిద వేడిని బయటికి పోనివ్వదు, గాలిని కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. అందుకే దాని కింద నిప్పు మరునాటిదాకా బతికే ఉంటుంది. పూర్వం ఇళ్లల్లో రాత్రి నిప్పును బూడిదలో కప్పి, తెల్లారి దాన్నే ఎగదోసి పొయ్యి రాజేసుకునేవారు. అదే నిప్పు మీ పెరట్లో భోగి మధ్యాహ్నం పిల్లలు ఆడుకునే వేళకు ఉంటుంది. రాత్రి ఉత్తరపు గాలి లేచే వేళకూ ఉంటుంది.

ఇక చోటు సంగతి. ముందు టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్లండి. ఫైర్ పిట్ మధ్య నుంచి ఇంటి గోడకు, కంచెకు, పందిరి స్తంభానికి ఎంత దూరముందో కొలవండి. అమెరికాలో చాలా ఊళ్లు అనుసరించే అంతర్జాతీయ ఫైర్ కోడ్ ప్రకారం, నేల మీద కట్టెలతో వేసే చిన్న మంట మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు దాటకూడదు. ఇంటికీ, కాలే గుణమున్న ఏ వస్తువుకైనా అది 25 అడుగుల దూరంలో ఉండాలి. అంతకన్నా పెద్దదైతే దాన్ని చిన్న మంటగా లెక్కించరు, అప్పుడు 50 అడుగుల దూరం కావాలి. ఊరి వీధిలో నిలువెత్తు మంట చూసిన మీ మామగారికి ఇది మరీ చిన్నదిగా కనిపించవచ్చు. కానీ చెక్క కంచెల మధ్య మీ పెరడు పట్టగలిగింది అంతే.

పందిరి కింద ఉన్న ఆ ఫైర్ పిట్‌లో కట్టెల మంట వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మంట పందిరిని అంటుకోకపోయినా, గంటసేపు తగిలే వేడికి ఎండిన చెక్క ఇంకా ఎండుతుంది, ఆపైన ఒక్క రవ్వ చాలు. మంట పైన తల ఎత్తి చూస్తే ఆకాశం తప్ప కొమ్మ గానీ, తీగ గానీ, పందిరి గానీ కనిపించకూడదు. ఇంకొకటి, ఆ గుండ్రాళ్లు. నున్నగా ఉన్నాయంటే అవి ఏటిరాళ్లు కావచ్చు. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన రాయి పగుళ్లలో తడి ఉంటుంది. నిప్పు తగిలితే ఆ తడి ఆవిరై, బయటికి దారి లేక రాయిని పగలగొడుతుంది. ముక్కలు తూటాల్లా లేస్తాయి. నిప్పు పెట్టడానికి తయారైన ఇటుకలు వేరే అమ్ముతారు. ఆ ఫైర్ పిట్ ఎప్పటికైనా వాడదలచుకుంటే, పందిరి తీసేసి ఆ ఇటుకలతో మళ్లీ కట్టించుకోండి.

ఈ భోగికి మాత్రం కాళ్లున్న ఇనుప ఫైర్ పిట్ ఒకటి, పైన ఇనుప జాలీ మూత ఉన్నది కొనండి, లేదా స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోండి. ఇలాంటి వాటికి కోడ్ 15 అడుగుల దూరం చెబుతుంది. ఒకటి, రెండు కుటుంబాలు ఉండే ఇళ్లకు అందులో సడలింపు ఉంది కానీ, మీ కంచె చెక్కది కాబట్టి ఆ సడలింపు వాడుకోవద్దు. గచ్చు మీద, సమంగా ఉన్న చోట పెట్టండి. చెక్క డెక్ మీద వద్దు. గడ్డి మీద కూడా వద్దు. జనవరిలో మీ వైపు బెర్ముడా గడ్డి నిద్రావస్థలో ఉంటుంది. గోధుమరంగులో ఎండి, వరిగడ్డిలాగే అంటుకుంటుంది. పచ్చని పెరడు చూసి ఇల్లు కొన్నవాళ్లకు ఈ సంగతి మొదటి చలికాలంలోనే తెలుస్తుంది.

మీ ఊరి నిబంధనలు ఇంకా కఠినంగా ఉండవచ్చు, మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, అంటే హెచ్‌ఓఏ వాళ్ల షరతులు వేరే ఉండవచ్చు. ఫైర్ డిపార్ట్‌మెంటుకు అత్యవసరం కాని ఫోను నంబరు ఉంటుంది. ఈ వారంలోనే దానికి ఫోను చేసి, పెరట్లో కట్టెల మంటకు అనుమతి ఉందా, తెల్లవారుజామున వేయవచ్చా అని అడగండి. మర్యాదగానే చెబుతారు. టెక్సస్‌లో నేల బాగా ఎండిపోయినప్పుడు కౌంటీ పాలకులు బయట మంటలు వేయకూడదని నిషేధం ప్రకటిస్తారు. భోగికి ముందురోజు అది ఉందేమో చూడండి. జాతీయ వాతావరణ శాఖ రెడ్ ఫ్లాగ్ హెచ్చరిక ఇచ్చినా అంతే, మంట మాట మరిచిపోవాలి. తేమ తక్కువై, గాలి ఎక్కువై, ఎక్కడ రవ్వ పడినా కార్చిచ్చు అయ్యే రోజున ఆ హెచ్చరిక ఇస్తారు. ఏ హెచ్చరికా లేకపోయినా, చెట్ల చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే వెలిగించకండి. జనవరిలో చలిగాలి ఉత్తరం నుంచి ఒక్కసారిగా దిగుతుంది. ముందురాత్రి చెట్టు ఆకు కదలలేదని నమ్మడానికి లేదు, అగ్గిపుల్ల గీసే ముందు బయటికి వచ్చి చూడాల్సిందే.

నీళ్ల దగ్గర మన వాళ్లు మరిచిపోయేది ఒకటి ఉంది. గడ్డకట్టే చలికి భయపడి మీరు పెరటి కుళాయికి తొడుగు తొడిగి, పైపు తీసి గరాజులో పెట్టి ఉంటారు. తెల్లవారుజామున ఐదింటికి అవసరం పడితే ఆ పైపులో నీళ్లు రావు. భోగికి ముందురాత్రి రెండు పెద్ద బకెట్ల నిండా నీళ్లు పట్టి ఇంటి లోపలే ఉంచండి. మంట వెలిగించే ముందు బయటికి తెచ్చి పెట్టండి. ఒక పార, మంటలు ఆర్పే సిలిండరు కూడా చేతికి అందేంత దూరంలో ఉండాలి.

ఇప్పుడు కట్టెలు. పొగ అంటే పూర్తిగా కాలకుండా గాలిలో కలిసిపోయిన కట్టె. తడి కట్టె వేస్తే మంట వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కట్టె కాలడానికి చాలినంత వేడి మిగలక ఊదర మొదలవుతుంది. చీల్చి, ఆరబెట్టిన ఓక్ పేళ్లు మీ దగ్గర దొరుకుతాయి. వాటిలో తేమ 20 శాతం లోపు ఉండాలి. కొలిచే చిన్న పరికరం హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. అది లేకపోతే రెండు పేళ్లను ఒకదానితో ఒకటి కొట్టి చూడండి. ఎండినవైతే ఖంగుమంటాయి, తడివైతే చప్పగా మోగుతాయి. ఎండిన పేడు చివర పగుళ్లు బారి ఉంటుంది, బెరడు వదులై ఉంటుంది. సీడర్, పైన్ వద్దు, అవి టపటపా పేలి రవ్వలు విసురుతాయి. పేర్చడంలోనూ మన అలవాటు తిరగేయండి. లావు పేళ్లు కింద, సన్నవి వాటి మీద, చితుకులు అన్నిటికన్నా పైన పెట్టి, పైనుంచి అంటించండి. మంట నెమ్మదిగా కిందికి దిగుతుంది. కింది కట్టె నుంచి లేచే పొగ పైనున్న మంటలోనే కాలిపోతుంది.

అంటించడానికి కర్పూరం బిళ్లలు నాలుగు, నేతిలో ముంచిన వత్తులు నాలుగు చాలు. ఇంతకన్నా మంగళకరంగా భోగి మంట ఎలా మొదలవుతుంది? నెయ్యి గిన్నెతో మాత్రం పోయకండి, గరిటెడు నెయ్యి కూడా భగ్గున లేస్తుంది.

మీవారి పెట్రోలు గురించి మొహమాటం లేకుండా రాయాలి. ఆయన మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. మన ఇళ్లల్లో కట్టెపొయ్యి మీద కిరసనాయిలు చిలకరించి వెలిగించడం మనమందరం చూశాం. కిరసనాయిలు మామూలు చలిలో మంటకు అందేంత ఆవిరి ఇవ్వదు, దాదాపు 38 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని ఆవిరి అంటుకుంటుంది. పెట్రోలు అలా కాదు, సున్నాకు కింద 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతుంది, కాళ్ల చుట్టూ చేరుతుంది. కంటికి కనిపించదు. అగ్గిపుల్ల గీయగానే వెలిగేది కట్టె కాదు, మనిషి నిలబడిన చోటంతా. ఆరినట్టున్న కట్టెల మీద చల్లితే మంట ఆ ధార పట్టుకుని డబ్బా దాకా వస్తుంది. శానిటైజరు, స్పిరిటు కూడా ఇదే జాతి. పగటిపూట వాటి మంట కంటికి ఆనదు, ఆరిందనుకుని మళ్లీ పోస్తే సీసాలోంచి మంట ఎగజిమ్ముతుంది. ఆల్కహాలు పోసి వెలిగించే బల్లమీది ఫైర్ పిట్లను వాడటం వెంటనే ఆపమని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 2024 డిసెంబరులో ప్రజలను హెచ్చరించింది. మీ ఇంట్లో అలాంటిది అలంకారానికి ఉన్నా తీసేయండి. భోగి ముందురాత్రి పెట్రోలు డబ్బాను గరాజులో కూడా ఎవరి చేతికీ అందకుండా దాచమని నా మాటగా మీవారికి చెప్పండి.

టీ బల్ల, కుర్చీల సంగతి. భోగి నాడు పాత చెక్క సామాను మంటలో వేసే రోజుల్లో ఆ సామాను వట్టి చెక్క. తుమ్మ మంచం, తాటి దూలం, మామిడి పలకల పెట్టె. ఈ రోజు బల్ల అంటే రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన ప్లాస్టిక్ పొర అంటించినది. ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కుర్చీ మీద వార్నిషు ఉంటుంది, మెత్తలో ఫోము ఉంటుంది. ఫోము కాలితే కార్బన్ మోనాక్సైడుతోపాటు సయనైడు వాయువు కూడా వస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లవాడి పక్కన అది కాల్చడం ఊహించలేను. పాత డెక్ ముక్కలు, కంచె ముక్కలు కూడా వద్దు. 2003 చివరిదాకా ఇక్కడ ఇళ్లకు వాడిన మందుపట్టించిన చెక్కలో ఆర్సెనిక్ ఉండేది. కాల్చితే అది పొగలోకి వెళుతుంది, బూడిదలోనూ మిగులుతుంది.

అత్తగారితో ఇలా అనండి: "అత్తయ్యగారూ, ఇవి మన చెక్కలు కావు, వీటిలో మందులున్నాయట. పాతది వదిలించుకోవడానికి మీ చేత్తో ఒక్క వట్టి చెక్క ముక్క వేయండి." వంటింట్లో అరిగిపోయిన చెక్క గరిటె, విరిగిన అప్పడాల కర్ర, రంగు వేయని పీట ముక్క ఏదో ఒకటి ఇంట్లో ఉంటుంది. పిడకల దండ ఎలాగూ ఉంటుంది కదా. భారతీయ దుకాణాల్లో దొరికే పిడకలు కొన్నిసార్లు ప్లాస్టిక్ కవరులో చెమ్మ పట్టి ఉంటాయి. కవరు విప్పి నాలుగు రోజులు ఎండలో పెట్టండి, లేకపోతే పెరడంతా పొగే.

పెరట్లో కత్తిరించిన కొమ్మలు వేసే అలవాటు ఆమెకు ఉంటే ఒకటి చూసుకోండి. టెక్సస్ పెరళ్లలో గన్నేరు పొదలు పెంచుతారు. గన్నేరు కొమ్మ ఎండినా విషమే, దాని పొగ కూడా విషమే. కొన్న పేళ్లకు నూగు తాడులాంటి తీగ ఏదైనా అంటుకుని ఉంటే ఆ పేడు పక్కన పడేయండి. అది పాయిజన్ ఐవీ కావచ్చు. చర్మానికి దురద పుట్టించే దాని జిగురు పొగలో చేరి గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాతికమంది పిల్లలున్నారన్నారు. మీ అత్తగారికి ముగ్గు వేయడం వచ్చు కదా. ఫైర్ పిట్ చుట్టూ నాలుగడుగుల దూరంలో గుండ్రంగా ఒక ముగ్గు గీత వేయించండి. గీత దాటి లోపలికి పిల్లలెవరూ అడుగు పెట్టకూడదు. దాన్ని నాయనమ్మ వేసింది కాబట్టి పిల్లలు వింటారు. తాడు కట్టి వద్దు పొమ్మంటే వినరు. పిడకల దండలు ఒక్కో కుటుంబం వంతులవారీగా వచ్చి, పెద్దవాళ్లు పొడవాటి పట్టకారుతో వేయాలి, పిల్లవాడు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకుంటే చాలు. విసరడం వద్దు, విసిరిన దండ కట్టెల్ని కదిపి రవ్వలు లేపుతుంది.

బట్టలు కూడా చెప్పాలి. పట్టు నెమ్మదిగా కాలుతుంది, జుట్టులా ముడుచుకుంటుంది. జార్జెట్, నైలాన్ కరిగి ఒంటికి అతుక్కుంటాయి. చలికి వేసుకునే ఉబ్బు జాకెట్లు చాలావరకు ఆ రకమే. ఆడపిల్లల వోణీలు, చున్నీలు, ఆడవాళ్ల పైట చెంగులు నడుముకు దోపుకోమనండి. మంట దగ్గర మెలిగే ఒకరిద్దరు నూలు బట్టలో, ఉన్ని బట్టలో ఉంటే మంచిది. ఎవరి బట్టకైనా అంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి.

చిన్నబాబును గాలి వచ్చే వైపున, మంటకు బాగా ఎడంగా కూర్చోబెట్టండి. గాలి తిరిగితే కుర్చీ కూడా తిరగాలి. ఇన్‌హేలరు మీ చేతి సంచిలో కాదు, మీ చేతిలో ఉండాలి. పొగలోని సన్నటి కణాలను పీఎం 2.5 అంటారు, మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. అవి ముక్కులో ఆగవు. మొదటి పిడక బాబు చేత ముందే వేయించి, ఆ తరువాత ఒక్కసారి దగ్గినా ఇంటి లోపలికి, కిటికీ దగ్గరికి పంపేయండి. కిటికీలోంచి కూడా మంట బాగా కనిపిస్తుంది. జోడు గోడల ఫైర్ పిట్లు పొగ తక్కువ ఇస్తాయన్నది నిజమే. కానీ బాగా వేడెక్కాకే అలా ఇస్తాయి, మొదటి పది నిమిషాల్లో వాటికీ పొగ ఉంటుంది. గ్యాసుతో వెలిగేది ఉంటే ఇంకా నయం కదా అని ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. పొగ లేని మాట నిజమే కానీ అందులో పిడకలు, కట్టెలు వేయకూడదు, బర్నరు రంధ్రాలు మూసుకుపోతాయి. పిడక వేయలేని మంట మీ అత్తగారికి భోగి మంట కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మొదటి అగ్గిపుల్ల నుంచి ఆఖరి బూడిద చల్లబడేదాకా మంట దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి వడ్డన చేయకూడదు, ఫొటోలు తీయకూడదు, కొత్తగా వచ్చినవాళ్లను పలకరించడానికి వాకిట్లోకి పోకూడదు. కాబట్టి అది మీరు కాదు, మీవారు కాదు. మీ మామగారిని అడగండి. జీవితమంతా పొయ్యి, కుంపటి, చలిమంట చూసిన మనిషి ఆయన. అమెరికా వచ్చాక అందరూ ఆయనకు ఏదో ఒకటి నేర్పుతూనే ఉండి ఉంటారు. ఇది ఆయన చేతిలో పెట్టండి. చేతికి పార ఇచ్చి, పక్కన బకెట్లు పెట్టి, మంచి కుర్చీ వేసి, కాఫీ అక్కడికే పంపండి. ఆయన లేవాల్సి వస్తే పారను ఇంకొకరి చేతికి ఇచ్చి లేవాలి. పార ఎవరి చేతిలో ఉంటే మంట వాళ్లది.

ఆర్పడం ఇలా. అందరూ ఫలహారానికి లేవడానికి గంట ముందే కట్టెలు వేయడం ఆపేయాలి. దుంగలు మిగలకుండా కణికలయ్యేదాకా కాలనివ్వాలి. తరువాత పారతో కణికలను పలచగా పరచాలి. నీళ్లు ఒక్కసారిగా కుమ్మరించకండి, ఆవిరి ముఖానికి కొడుతుంది, కాలిన ఇనుము వంకరపోవచ్చు. గాలికి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడి, మగ్గుతో కొంచెం కొంచెంగా పోయాలి. చుయ్‌మనే చప్పుడు ఆగాక పారతో కింది నుంచి పైకి కలపాలి. మళ్లీ చుయ్‌మంటుంది. మళ్లీ పోయాలి. చప్పుడు, ఆవిరి రెండూ ఆగేదాకా ఇలా చేసి, చేతి వెనక భాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వేడి తగలకపోతే నెమ్మదిగా తాకి చూడాలి. ఇక్కడి అడవి శాఖవాళ్లు శిబిరాల్లో మంట వేసేవాళ్లకు నేర్పేది కూడా ఇదే: ముంచు, కలుపు, మళ్లీ ముంచు, తాకి చూడు. ఇసుక కప్పి వదిలేయడం మాత్రం వద్దు, అది నివురు పనే చేస్తుంది.

మిగిలిన నిప్పులు బకెట్లో వేసి పెద్దవాళ్ల గదిలో వెచ్చదనానికి పెడదామని ఎవరైనా అనవచ్చు, గరాజులో పెడదామనవచ్చు. కుంపటి అలవాటున్న ఇళ్లల్లో వచ్చే ఆలోచనే ఇది. మన పాత ఇళ్లకు పెంకుల సందులు, తలుపు సందులు ఉండేవి. మీ ఇల్లు గాలి చొరబడకుండా కట్టినది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఒక్క కణిక కూడా గడప దాటి లోపలికి రాకూడదు.

ఇంత చేసినా ఎవరికైనా కాలితే, కమ్మరి పద్ధతే. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేసి, కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టాలి. అతుక్కున్న బట్టను లాగకూడదు, బొబ్బను చిదమకూడదు. ముఖం, చేతులు, కీళ్ల మీద కాలినా, బాధితుడి అరచెయ్యి కన్నా పెద్దగా కాలినా ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు ఎక్కువ కాలితే, పొగ మింగితే 911.

పక్కింటివాళ్లను మరవకండి. చీకట్లో ఐదింటికి కంచె మీదుగా మంట వెలుగు చూసినవాళ్లు 911కి ఫోను చేస్తే వాళ్ల తప్పు కాదు. ముందురోజు సాయంత్రం అరిసెలు, జంతికలు పట్టుకుని మీరూ అత్తగారూ ఇటు అటు రెండిళ్లకూ వెళ్లండి. రేపు మా పండుగ, ఇంతసేపు చిన్న మంట వేస్తామని, కిటికీలు మూసుకోమని చెప్పండి. వాళ్లింట్లో ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లుంటే అప్పుడే తెలుస్తుంది. అలా ఉంటే మంటను ఇంకా చిన్నది చేసి, అరగంటలో ముగించండి.

నిషేధమో, గాలో అడ్డం వస్తే ఆ రోజుకు మంట లేదంతే. దీపపు కుందిలో ఒక వత్తి ఎక్కువ వేసి, పిల్లలకు తలంట్లు పోసి, సాయంత్రం భోగిపళ్లు పోసుకోండి. పిడకల దండలు పాడవవు. గాలి తగ్గి, నిషేధం తీసేసిన రోజున వేసుకోవచ్చు. ఈ మాట పండుగ రోజు పొద్దున చెబితే పేచీ అవుతుంది, వారం ముందే ఇంట్లో అందరి ఎదుటా అనుకుని ఉండండి.

ఆఖరుగా బూడిద. చల్లారిందని చేతికి తెలిసినా దాన్ని కాగితపు సంచిలో గానీ ప్లాస్టిక్ చెత్తడబ్బాలో గానీ వేయకండి. మా వీధిలో ఒక ఇంట్లో మర్నాడు బూడిద ఎత్తి, గరాజు పక్కనున్న చెత్తడబ్బాలో వేశారు. తెల్లారి చూస్తే డబ్బా సగం కరిగి ఉంది, వెనక కంచె నాలుగు పలకలు నల్లగా కాలి ఉన్నాయి. ఆ పలకలు దాటితే ఇల్లే. మూత ఉన్న ఇనుప బకెట్లోకి ఎత్తి, కాసిన్ని నీళ్లు పోసి, ఇంటికి పదడుగుల ఎడంగా గచ్చు మీద నాలుగు రోజులు ఉంచండి. కనుమ, ముక్కనుమ కూడా అయిపోతాయి. మీ అత్తగారు అలవాటుకొద్దీ దాన్ని కరివేపాకు కుండీలో పోద్దామంటారేమో. కట్టెల బూడిద సున్నంలా మట్టిలో క్షారం పెంచుతుంది. డల్లాస్ నల్లమట్టిలో, కుళాయి నీళ్లలో అది ఇప్పటికే ఎక్కువ, కరివేపాకు ఆకులు పసుపు రంగుకు తిరిగిపోతాయి. చల్లారిన బూడిదను గట్టి సంచిలో మూతి కట్టి, ఐదో రోజున చెత్తబండికి ఇచ్చేయండి.